చుక్కల మనిషి

ఎడమ మోకాలి మీద చుక్క అంటించుకోవాలంటే అతను గోడ పట్టుకుని వంగాలి. ఆ పొద్దున కూడా అలాగే వంగాడు. బఠాణీ గింజంత తెల్లటి చుక్క అది, వెలుగు పడితే పిల్లికన్నులా మెరుస్తుంది. భుజాలకు, మోచేతులకు, నడుముకు, చీలమండలకు అంటించుకున్నాడు. ఆఖరున గుండె మీద ఒకటి నొక్కుకుని, గది మధ్యనున్న పచ్చ చాప మీద నిలబడ్డాడు.

ఆ గదిలో గోల్ఫ్ ఆడరు, ఆడే ఒంటిని చూస్తారు. గోడల చుట్టూ ఉన్న కెమెరాలకు మనిషి కనబడడు, చుక్కలే కనబడతాయి. చుక్కకూ చుక్కకూ గీత కలిపి యంత్రం తెర మీద ఒక గీతల బొమ్మను నిలబెడుతుంది. దానికి మొహం ఉండదు, వయసు ఉండదు. ఆటగాడు కర్ర ఎత్తి దించేలోగా నడుము ఎప్పుడు తిరిగింది, భుజం ఎంత వెనకబడింది, బరువు ఏ కాలి మీదికి వచ్చింది అన్నీ ఆ బొమ్మలో తేలిపోతాయి. వాటిని చదివి చెప్పడమే అతని పని. క్లబ్బులో అతనికి పేరుతో పని పడలేదు. అందరికీ చుక్కలాయన.

కెమెరాలు సరిగా చూస్తున్నాయో లేదో తేల్చుకోవడానికి పొద్దున్నే తనే ఒకసారి కర్ర తిప్పుతాడు. బంతి పెట్టడు. జన్మలో ఒక్క బంతి కొట్టి ఎరగడు. కుర్రతనంలో ఇదే మైదానంలో బంతులు ఏరుతుంటే, ఎవరిదో బంతి వచ్చి ఎడమ మోకాలికి తగిలింది. ఎముక అతుక్కుంది గానీ నొప్పి పోలేదు, బరువు పడే క్షణంలో ఆ కాలు ఇప్పటికీ రవ్వంత తటపటాయిస్తుంది. మామూలు కంటికి ఆనదు.

కర్ర తిప్పి తెర వంక చూశాడు. తన తెల్లగీతల బొమ్మ లేదు. పసుపు బొమ్మ ఒక్కటే నిలబడి ఉంది.

అది ఛాంపియన్ నమూనా. ఈ క్లబ్బులోనే ఆడే ఆ కుర్రాడు మొదటి పెద్ద పోటీ గెలిచి వచ్చిన రోజున కెమెరాలు పట్టిన కర్ర ఊపు. అప్పటి నుంచీ దాన్ని తెర మీద పెట్టుకుని, అచ్చం దానిలాగే కర్ర తిప్పాలని ఛాంపియన్ సాధన చేస్తున్నాడు. ఆ తర్వాత ఇంకో రెండు కప్పులు కూడా గెలిచాడు. నిన్న సాయంత్రం తెర మీంచి దాన్ని తీసెయ్యడం మరిచిపోయినట్టున్నాను అనుకుని, చుక్కలాయన పసుపు బొమ్మను ఆర్పాడు.

దాని కింద తెల్లబొమ్మ ఉంది. తనది. మళ్లీ పసుపు వెలిగించాడు. తెల్లది మాయమైంది. ఒక్కొక్క చిత్రమే జరుపుతూ చూశాడు. ఎక్కడా వెంట్రుకవాసి కూడా తేడా లేదు. ఎడమ కాలి మీద బరువు పడే చోట పసుపు బొమ్మ మోకాలు తటపటాయించింది.

అతను వెనక్కి జరిపి మళ్లీ మొదటి నుంచి చూశాడు.

నమూనా పట్టిన రోజున గది నిండా జనం, అందరి చేతుల్లో మిఠాయిలు, నవ్వులు, ఫోటోలు. పొద్దున తాను తిప్పిన ఊపూ, తర్వాత ఛాంపియన్ తిప్పిన ఊపూ పక్కపక్కనే ఉన్నాయి. ఎత్తు తేడాలు యంత్రమే సరిచేస్తుంది. ఆ సందడిలో పొరపాటున ఛాంపియన్ ఊపు బదులు తన ఊపును నమూనాగా దాచాడు. చుక్కలకు మొహం ఉండదు కదా.

రెండు బొమ్మలకూ తేడా ఒక్కటే. పసుపు బొమ్మ గుండె మీది చుక్క నిలకడగా ఉంది. ఇవాళ్టి తెల్లబొమ్మది ఆరి వెలుగుతోంది. చుక్క మార్చాడు, కెమెరా అద్దాలు తుడిచాడు. అయినా అది మిణుకుమంటూనే ఉంది. ఎడమ చెయ్యి లాగుతోంది.

ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, చొక్కా ఉతుకుతుంటే మళ్లీ చుక్క దొరికింది. ఏదో ఒక రోజు నన్ను కూడా గీతల్లో కలిపేస్తారు మీరు."

"డబ్బాలో పడెయ్యి."

"డబ్బా నిండి పొర్లుతోంది. గొంతేంటి అలా ఉంది?"

"ఇప్పుడే మెట్లెక్కి వచ్చాలే."

"మీ గదికి మెట్లెక్కడివండీ?"

అతను ఫోన్ పెట్టేశాడు. అద్దం తలుపు అవతల ఛాంపియన్ గట్టు దిగి వస్తున్నాడు, ఎడమ కాలు ఈడ్చుకుంటూ. గడప దగ్గర ఆగి, గోడ పట్టుకుని వంగి బూటు తాడు కట్టుకున్నాడు. తాను వంగినట్టే.

"బాబాయ్, డాక్టరు మోకాలికి ఫోటోలన్నీ తీసి లోపల ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే మరి కుంటుతున్నది ఎవరు, వాళ్ల తాతా?" ఛాంపియన్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఈ ఏడు ఇలాగే ఆడితే కాలు దక్కదట. ఆ పసుపువాణ్ణి పెట్టు. వాడికీ నాకూ ఎక్కడ చెడిందో చూద్దాం."

చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఈ పిల్లవాడి కాలు పోతుంది. చుక్కలాయన అతనికి చుక్కలు అంటిస్తూ మోకాలి దగ్గర ఆగిపోయాడు. చర్మం కింద సన్నటి వణుకు. ఆ వణుకు తనకు తెలుసు.

"ఎక్కడా చెడలేదు బాబూ. వచ్చిన చిక్కే అది. వాడు నువ్వు కాదు."

"మరెవరు?"

"నేను."

"పొద్దున్నే ఏం తాగొచ్చావ్ బాబాయ్?"

అతను వాదించలేదు. ఒంటి మీద చుక్కలు ఇంకా ఉన్నాయి. కర్ర అందుకుని తిప్పాడు, ఆ తర్వాత ఛాంపియన్ చేత తిప్పించాడు. పసుపును ఆర్పేసి, రెండు తెల్లబొమ్మల్ని పక్కపక్కన పెట్టాడు.

ఛాంపియన్ చాలాసేపు చూశాడు. "ఇందులో నేనేది?"

"గుండె చుక్క ఆరుతున్నది నేను. నిలకడగా ఉన్నది..."

మాట నోట్లో ఉండగానే రెండో బొమ్మ గుండె చుక్క కూడా ఆరింది. ఒక్కసారి. మళ్లీ వెలిగింది.

ఇద్దరూ చూశారు.

"తీసెయ్ బాబాయ్ ఆ పసుపువాణ్ణి," అన్నాడు ఛాంపియన్.

చుక్కలాయన పసుపు బొమ్మను చెరిపేశాడు. దాని నకళ్లు కూడా వెతికి చెరిపేశాడు.

"నేను ముందు ఎలా తిప్పేవాణ్ణో నాకు గుర్తు లేదు."

"నీకు లేకపోయినా నీ ఒంటికి ఉంటుంది. తెర చూడకు. కళ్లు మూసుకుని తిప్పు."

ఛాంపియన్ తిప్పాడు. మడమ లేచింది, మోచెయ్యి విచ్చుకుంది, నడుము ముందే తిరిగిపోయింది. ఎడమ కాలు మాత్రం తటపటాయించకుండా నేల మీద దిగబడింది.

"ఎలా ఉంది?"

"అసహ్యంగా ఉంది. నీదే."

ఛాంపియన్ చుక్కలు తానే పీక్కుని బల్ల మీద పెట్టాడు. తలుపు దగ్గర ఆగాడు. "నిన్ను గట్టిగా తిట్టాలని ఉంది. ఇప్పుడు నోరు రావట్లేదు. రేపు తిడతాను, ఉండు."

"ఆఫీసులో నేనే చెబుతాను. నువ్వు తిట్టడం మాత్రం మరిచిపోకు."

అద్దం అవతల ఛాంపియన్ గట్టు ఎక్కుతున్నాడు. సగం ఎక్కాక ఆగి, తన కాలి వంక తానే వింతగా చూసుకున్నాడు. తర్వాత పరుగులాంటి నడకతో అవతలికి దిగిపోయాడు.

చుక్కలాయన కుర్చీలో కూర్చున్నాడు. కాలు చాపుకుంటే మోకాలు నొప్పి పెట్టలేదు. ఎన్నేళ్లయిందో అలా ఉండి. ఇవాళ తొందరగా వచ్చేస్తున్నానని ఇంటికి చెబుదామని ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు. ముందు కాస్త ఊపిరి తీసుకుందామనుకున్నాడు.

కాసేపటికి ఒళ్లోని ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది.

కెమెరాలు ఆపేవాళ్లు లేరు. తెర మీద గీతల బొమ్మ కూర్చుని ఉంది, తల ఒక పక్కకు వాల్చి. పొద్దుటి నుంచీ మిణుకుమిణుకుమన్న గుండె మీది చుక్క ఇప్పుడు రెప్పపాటు కూడా ఆరకుండా వెలుగుతోంది.