రోశయ్య భోజనం ఖర్చు

కోర్టు డిక్రీ చేతికొచ్చాక అప్పు వసూలైనట్టేనని అనుకున్నాను. మా వకీలు త్యాగరాజు గారు నవ్వారు.

"రోశయ్య ఇల్లు జప్తు చేయలేమండి, రైతు కాపురముండే ఇల్లది. ఎడ్లనీ ముట్టుకోకూడదు. పొలం కౌలుది. ఇక మిగిలింది రోశయ్యే. మీకివ్వకుండా కొత్త ఎడ్లు కొన్నాడుగా, సివిలు జైలుకి పంపమని అడుగుదాం."

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి రోశయ్యకి అప్పిచ్చిన మూడు వేలు అవి. సరేనన్నాను.

ఎనభై నాలుగు మాఘంలో కోర్టు అమీను ఖాజావలి రోశయ్యని పట్టుకొచ్చి, అద్దంకి కోర్టు వరండాలో నా పక్కనే కూర్చోబెట్టాడు. త్యాగరాజు గారు అప్పుడు చెప్పారు, "జైల్లో ఇతని భోజనం ఖర్చు మీరే కట్టాలండి. నెల బత్తా ముందుగానే. కట్టకపోతే వదిలేస్తారు."

తెల్లబోయాను. మా ఆవిడ పోయాక గ్లాసెడు బియ్యం వండుకుని రెండు పూటలూ సరిపెట్టుకుంటున్న మనిషిని నేను.

"మాస్టారూ, వారానికోసారి చేపల కూరక్కూడా కలిపి కట్టండి," అన్నాడు రోశయ్య.

"నోరు ముయ్యరా!" అన్నాడు ఖాజావలి, నవ్వాపుకోలేక.

నాకూ నవ్వొచ్చింది. "మిరప చేను ఎట్లా ఉందయ్యా?"

అతని మొహం వాడిపోయింది. "ఎర్రగా పండింది మాస్టారూ. ఈ వారంలో కోయకపోతే కాయంతా తాలైపోద్ది. ఏ రోజు కూలి ఆ రోజు ఇస్తేనే చేలో దిగుతామంటున్నారు కూలోళ్ళు. నా దగ్గర పైసా లేదు."

"ఎడ్లెందుకు కొన్నావు మరి?"

"పాతవి చచ్చిపోయినయ్యండి. మీకు మొహం చూపించలేక తప్పించుకు తిరిగాను."

జేబులో రెండు వందలున్నాయి. బత్తాకి సరిపోతాయి. తీసి అతని చేతిలో పెట్టాను.

"కూలికి ఇవి. కాయ అమ్మగానే నా డబ్బు నాకు తెచ్చివ్వు."

త్యాగరాజు గారు తల పట్టుకున్నారు. "ఇది ఏ సెక్షను కింద రాయమంటారండి?"

"వారెంటు ప్రస్తుతానికి ఆపమని రాయండి, చాలు."

నెల తిరక్కుండానే రోశయ్య గుంటూరులో కాయ అమ్మి నేరుగా మా ఇంటికొచ్చాడు. కూలికిచ్చిన రెండు వందలు ముందుగా, విడిగా బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత రెండు వేలు లెక్కపెట్టాడు.

"మిగతా వెయ్యి?"

"పత్తి తీతలప్పుడు మళ్ళీ వారెంటు తీయించండి మాస్టారూ. అప్పుడూ కూలోళ్ళకి ఇచ్చుకోవాలిగా!"

"వారెంటు ఖర్చు దండగయ్యా," అన్నాను రసీదు రాస్తూ. "నువ్వే వచ్చి అడుగు."