గోడ దిగిన చొక్కా ముక్క

తుపాకీ ఎంచుకోవడానికి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లినవాడు కూతురి మాట వినాలి. వినే ఉద్దేశం లేకపోతే ఒంటరిగా వెళ్లాలి. ఆర్వీ నీమెలా ఈ రెండింటిలో ఏదీ చేయలేదు.

ఏటా చలికాలం రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి, కిందటేడే రిటైరయ్యాడు. మామగారి నుంచి వచ్చిన పాత లీవరు తుపాకీని, అంటే ఆ ఇంటివాళ్లంతా దుప్పులు కొట్టిన థర్టీ-థర్టీ తూటాల తుపాకీని, కూతురు ఐలీకి ఇచ్చేశాడు. "ఇక నాకొకటి కొనుక్కోవాలే. నువ్వూ రా, ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాడు. పెళ్లీడు దాటిపోతున్నా తండ్రితో వేటంటే చెవి కోసుకునే పిల్ల. ఆ మాటకి ఆమె ముఖం వెలిగిపోయింది.

దుకాణంలో గోడ పొడవునా లీవరు తుపాకులే. ఐలీ ఒక్కొక్కటీ దించి, లీవరు కిందికీ పైకీ ఆడించి, భుజానికి ఆనించి చూసింది.

"నాన్నా, ఇది చూడు. తాత దాని లాంటి థర్టీ-థర్టీయే. మన చిత్తడిలో దేవదారు చెట్ల మధ్య యాభై గజాలు దాటి ఏం కనిపిస్తుంది చెప్పు? దుప్పికిది చాలు. కాదంటే ఈ చిన్నది, త్రీ-ఫిఫ్టీసెవెన్. దగ్గర్నుంచి దుప్పినీ కొడుతుంది. భుజాన్ని తన్నదు. తూటాలూ చవక. ఎండాకాలమంతా సరదాగా ఖాళీ డబ్బాలు గురిపెట్టి కొట్టుకోవచ్చు."

ఆర్వీ ఆ చిన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎంత తేలిగ్గా ఉందో! ఆపరేషన్ అయిన కుడి భుజం కూడా కిమ్మనలేదు. నిజం చెప్పాలంటే అతనికది నచ్చింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని బావమరిది రైనో వచ్చాడు. ఊళ్లో ఎవరో ఒకరి పరువు తీయకుండా కాఫీ తాగలేని మనిషి.

"ఏంటి బావా, ఉడతల వేటకా?"

కౌంటరు దగ్గరున్నవాళ్లు నవ్వారు. అంతే. పెద్ద నవ్వు కూడా కాదు. కానీ ఆర్వీ ఆ తుపాకీని కాలినట్టు కింద పెట్టేసి, గోడ చివరనున్న ఫార్టీఫైవ్-సెవెంటీ వైపు చెయ్యి చాపాడు. దాని తూటా బొటనవేలంత లావు.

"ఇదివ్వండి."

"ఓరి నాయనో! మన ఊరికి ఏనుగులొస్తున్నాయా బావా?"

"నాన్నా, భుజం..." అంది ఐలీ మెల్లగా.

"నా భుజం సంగతి నాకు తెలుసు."

ఆ తెలిసిన సంగతేమిటో, ఊరివాళ్లు గురి సాధన చేసే కంకర గోతి దగ్గర బయటపడింది. మొదటి తూటాకే ఆ తుపాకీ గాడిదలా తన్నింది. రెండో తూటాకి ఆర్వీ కళ్లు ముందే మూసుకుపోయాయి. డబ్బా డబ్బాలాగే నిలబడి ఉంది. పక్కన ఐలీ, తాత తుపాకీతో డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి ఎగరగొడుతూ, చిన్నపిల్లలా కేరింతలు కొడుతోంది. తండ్రి గురి ఎలా ఉందో చూశాక ఆమె నవ్వు ఆపేసింది.

"కళ్లు మూసేస్తున్నావు నాన్నా. మార్చుకుందాం. తిరిగిచ్చేస్తే తీసుకుంటారు."

"అలవాటవుతుందిలే."

అలవాటు చేసుకోవాలంటే మళ్లీ కాల్చాలి కదా. అతను మళ్లీ ఆ గోతి వైపే వెళ్లలేదు. చర్చి అయ్యాక కాఫీల దగ్గర మాత్రం పెట్టెలకు పెట్టెలు కాల్చినట్టు కోతలు కోశాడు. ఐలీ వింటూ ఉండేది. ఒక్కసారి కూడా అతని అబద్ధం బయటపెట్టలేదు.

నవంబరులో వేట మొదలైన రోజు, పొద్దు వాలుతుండగా, ఆర్వీ కూర్చున్న చోటికి కొమ్ముల దుప్పి ఒకటి వచ్చింది. గట్టిగా నలభై గజాలు. ఇంతకన్నా దగ్గరికి రమ్మంటే ఇంట్లోకే రావాలి. ఆర్వీ గురి పెట్టాడు, కళ్లు మూశాడు, కాల్చాడు. తెరిచేసరికి దుప్పి వీపు గూనిలా వంచుకుని చెట్లలోకి పోతోంది.

అలా వంగిందంటే పొట్టలో తగిలిందని అక్కడ పిల్లలకు కూడా తెలుసు. దగ్గరికి వెళ్లి చూశాడు. మంచు మీద కాసిని వెంట్రుకలు, నల్లటి నెత్తురు, అందులో పచ్చగా నమిలిన మేత. జాడ చిత్తడిలోకి దిగింది. వేటరోజుల్లో వాళ్లంతా దిగే అడవి ఇంట్లో, అంటే క్యాంపులో, రాసిపెట్టని కట్టుబాటు ఒకటుంది: గాయపరిచినవాడు దొరికేదాకా వెతకాలి, లేదా వచ్చి చెప్పాలి. చెబితే అందరూ లాంతర్లు పట్టుకుని బయల్దేరతారు. రైనో కూడా. ఏనుగుల తుపాకీతో పొట్టలో కొట్టావా బావా అంటాడు.

ఆర్వీ అటూ ఇటూ చూశాడు. బూటుతో మంచు తోసి ఆ నెత్తురు మీద కప్పేశాడు.

క్యాంపులో పొయ్యి ఎర్రగా మండుతోంది. దుంపలూ మాంసమూ కూరిన పేస్టీల వాసన ఇల్లంతా పట్టింది. "నీ దిక్కు నుంచే కదా మోత, ఏమైంది?" అని అడిగారు.

"తప్పింది" అన్నాడు ఆర్వీ.

ఒక్కసారిగా గోల! గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి మేకుతో గోడకి కొట్టడం అక్కడి ఆచారం. ఆ గోడ మీద మామగారి ముక్క ఉంది, రైనోవి చాలా ఉన్నాయి, ఐలీది కూడా ఒకటుంది. రైనో కత్తెర పట్టుకుని పెళ్లికొడుకులా ముందుకొచ్చాడు.

"వంగు బావా, వంగు! అంత లావు తూటా దుప్పికి కనబడిందేమో, పక్కకి జరిగుంటుంది!"

ఆర్వీ వంగాడు. నవ్వాడు కూడా. గళ్ల చొక్కా చిరుగుతుంటే ప్రాణం హాయిగా ఉంది. ఇంత తేలిగ్గా పోయిందా అనుకున్నాడు. తలెత్తేసరికి ఐలీ ఒక్కతే నవ్వకుండా అతని వైపు చూస్తోంది. తూటా ఒంటికి తగిలితే వచ్చే దబ్బుమన్న చప్పుడు వేరు. ఆమె వేటకి కూర్చున్నది అతనికి దగ్గర్లోనే, వాగుకి ఇవతల; ఆ చప్పుడు వినే ఉంటుంది.

మర్నాడు తెల్లవారేసరికి ఆమె పక్క ఖాళీగా ఉంది. మధ్యాహ్నం, నడుం దాకా తడిసి, తాడు భుజాన వేసుకుని దుప్పిని ఈడ్చుకుంటూ వచ్చింది. ఒళ్లంతా బిగుసుకుపోయిన దుప్పి. కొమ్ముకి ఐలీ పేరున్న ట్యాగు, అంటే ఒక్క దుప్పికే చెల్లే వేట చీటీ, కట్టి ఉంది. ఆమె దగ్గరున్నది ఆ ఒక్క ట్యాగే. దాంతో ఈ ఏటికి ఆమె వేట అయిపోయినట్టే.

"ఎక్కడ కొట్టావే మేనకోడలా? పొద్దున్నించీ మోతే వినలేదు" అంటూ రైనో వచ్చాడు.

"కొట్టలేదు మావయ్యా. చిత్తడిలో దొరికింది. వదిలేయలేక నా ట్యాగు కట్టాను."

రైనో వంగి పొట్ట పక్కనున్న రంధ్రం చూశాడు. అంత రంధ్రం చేసే తుపాకీ ఆ క్యాంపులో ఒక్కటే ఉంది. మిగతావాళ్లూ చూశారు. ఆర్వీ ఎదురుచూశాడు. ఏదో ఒకటి అను, రైనో. తిట్టు, నవ్వు, ఏనుగంటావో ఉడతంటావో నీ ఇష్టం.

రైనో లోపలికి వెళ్లాడు. గోడలోంచి మేకు ఊడదీస్తున్న చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి గళ్ల చొక్కా ముక్కని ఆర్వీ చేతిలో పెట్టాడు.

"ఇది గురి తప్పినవాళ్ల గోడ బావా" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. ముప్ఫయ్యేళ్లుగా ఏ ఎగతాళికి భయపడి బతికాడో, అది లేకపోవడం ఇంత ఘోరంగా ఉంటుందని ఆర్వీకి తెలియదు. భూమి చీలితే బాగుండుననిపించింది.

అందరూ లోపలికి వెళ్లాక ఐలీ కత్తి తీసి దుప్పి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. పొట్ట వైపు మాంసమంతా పాడైంది. ముందు కాళ్లూ మెడా పనికొస్తాయేమో చూస్తోంది.

"నా ట్యాగు నీకిచ్చేస్తానే. నా బదులు నువ్వు వేటాడు."

"ఒకరి పేరున్నది ఇంకొకరికి చెల్లదు నాన్నా. నీకు తెలీదా?"

తెలుసు. అయినా ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. "అంత చిత్తడిలో ఎలా కనిపెట్టావే?" అన్నాడు, ముఖం చెల్లక నేల చూస్తూ.

ఐలీ కత్తి ఆపింది.

"మంచంతా చదునుగా ఉంది. ఒక్కచోటే బూటుతో తోసి కప్పి ఉంది. తవ్వి చూశాను. జాడ అక్కణ్ణుంచే దొరికింది."

ఆమె మళ్లీ పని మొదలుపెట్టింది. కాసేపటికి, తలెత్తకుండానే, "కాలు పట్టుకో. జారుతోంది" అంది.

ఆర్వీ ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి చేతిలో ఆ చొక్కా ముక్క ఇంకా ఉంది.

"రెండు చేతులూ పెట్టు నాన్నా."

అతను ఆ ముక్కని జేబులో కుక్కుకుని, రెండు చేతులూ పెట్టాడు.