అరవై మూడు గింజల జాడీ

నేను ఒక ఊరగాయ జాడీని. భుజాల దాకా తేనెరంగు, అక్కణ్ణుంచి అడుగు దాకా మీగడ తెలుపు. ఏ ఊరి బట్టీలో కాలానో నాకు తెలియదు. గడ్డి చుట్టి, రైలెక్కించి, గంగాడపేట సంతలో దించారు. గవరయ్య మాస్టారి భార్య వరహాలమ్మ నన్ను వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, మోత విని, నాలుగోసారి కూడా కొట్టి చూసి గానీ కొనలేదు. ఆవిడ తరహా అది. ఆ తర్వాత పదహారు వేసవులు నా కడుపులో ఆవకాయ ఊరింది. ఊరగాయకు కావలసింది కదలకుండా కూర్చోవడం. నేనూ అలాగే కూర్చున్నాను, ఆ ఎన్నికల ఏడు దాకా. అప్పటినుంచి నాకు కుదురు లేదు.

మాస్టారు బడి నుంచి రిటైరయ్యాక ఒక పార్టీకి పట్టణ కార్యదర్శి అయ్యారు. పట్టణంలో ఆ పార్టీకి పెద్ద సూరినాయుడు. పురపాలక సంఘం అధ్యక్ష పదవికి జనమే నేరుగా ఓటు వేసే రోజులవి. కానీ పార్టీ తరఫున ఎవరు నిలబడతారో జనానికీ తెలిసేది కాదు, పార్టీ సభ్యులకీ తెలిసేది కాదు. పేరు పైనుంచి వచ్చేది, సీలు వేసిన కవర్లో. ఆ కవర్లోకి పేరు ఎక్కించేది కిందున్న సూరినాయుడేనని ఊరందరికీ తెలుసు. అయినా కవరు విప్పినప్పుడల్లా అందరూ ఆశ్చర్యపోయేవారు. మనుషులు ఈ విద్యలో ఆరితేరినవాళ్లు.

కవర్లో వచ్చిన అభ్యర్థులు వరసగా రెండుసార్లు ఓడిపోయారు. దాంతో పార్టీ రాష్ట్ర కార్యాలయం ఉత్తరం రాసింది. ఈసారి సభ్యులనే రహస్యంగా అడగండి, ఎక్కువమంది ఎవరిని కోరితే వాళ్లకే బి-ఫారం ఇస్తాం అని. బి-ఫారం అంటే ఫలానా మనిషి మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం.

పోటీకి ఇద్దరు వచ్చారు. ఒకరు సూరినాయుడి బావమరిది జోగినాయుడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా సభలకు వచ్చి, నలగకుండా వెళ్లిపోయే మనిషి. రెండోది తవిటమ్మ. నేతవీధి కుళాయిల్లో నీళ్లు రావడానికి పద్నాలుగేళ్లు పురపాలక ఆఫీసు మెట్లు అరగదొక్కింది. వెనకటి రెండు కవర్లలోనూ ఆవిడ పేరు రాలేదు.

“ఈసారి కూడా కాదంటే నేనింక తిరగలేను పిన్నీ. కాళ్లు కాదు, మనసు ఒల్లకుంది” అంది వరహాలమ్మతో, నా పక్కనే చతికిలబడి.

సభ్యులు అరవై ముగ్గురు. సగం మందికి చదువు రాదు. చీటీ మరొకరి చేత రాయిస్తే అదేం రహస్యం? అందుకని మాస్టారు గింజల పద్ధతి ఆలోచించారు. ప్రతి మనిషికీ ఒక చింతపిక్క, ఒక వేయించిన శనగ గింజ ఇస్తారు. గదిలోకి ఒక్కరే వెళ్లి, తమకు కావలసిన గింజ జాడీలో వేసి రావాలి.

“మావోడికి శెనగ్గింజ. పిక్క ఆవిడకిచ్చీండి. పులుపంతా ఆవిడ నోట్లోనే ఉంది కదా” అన్నాడు సూరినాయుడు.

“పులుపు లేందే పప్పు దిగదు బావూ” అంది తవిటమ్మ.

నన్ను కడిగి రెండు రోజులు ఎండలో బోర్లించారు. అయినా నూనె వాసన వదల్లేదు. ముందురోజు వరహాలమ్మ మాస్టారు రాసిన నిబంధనల కాగితాన్ని, పప్పులో రాళ్లు ఏరినట్టు, వేలు పెట్టి చదివింది.

“ఒకటి జాడీలో వేస్తారు సరే. చేతిలో మిగిలింది ఏటి చెయ్యాలో రాయలేదేటండీ?”

“మిగిలిందాంతో మనకేం పనే? వాళ్లిష్టం” అన్నారు మాస్టారు.

తప్పు సరిగ్గా అక్కడే జరిగింది.

ఆదివారం పొద్దున్న సభ్యులు పెరట్లో వరుస కట్టారు. పెరటి తలుపున లోపలికొచ్చి, గదిలో నా దగ్గర ఆగి, వీధి వసారాలోంచి బయటికి పోవాలి. ఆ వసారాలో సూరినాయుడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“ఏదీ, గుప్పిట ఇప్పు” అనడం నాకు గదిలోకి వినిపిస్తూనే ఉంది. గుప్పిట్లో పిక్క మిగిలితే శనగ నాలో పడినట్టు. శనగ మిగిలితే పిక్క పడినట్టు. మూడో మనిషి నేతవీధి పోలయ్య. అతని గుప్పిట్లో శనగ గింజ మిగిలింది.

“ఓహో. మీ కోడలి ఇంటిజాగా కాయితం ఇంకా నా దగ్గరే ఉన్నట్టుంది కదా పోలయ్యా?”

ఆ మాట వరుస చివరి దాకా పాకింది. ఆ తర్వాత నాలోకి దిగిన చేతులన్నీ తటపటాయించాయి. ఒక చెయ్యి పిక్కను నా అంచు దాకా తెచ్చి, వెనక్కి తీసుకుని, శనగ గింజ వదిలి పారిపోయింది. పదహారేళ్లు కారం మోశాను గానీ కడుపులో అంత మంట ఎప్పుడూ ఎరగను.

అప్పుడు వరహాలమ్మ చింతపండు గంప తెచ్చుకుని, పెరట్లో వరుస పక్కన పీట వేసుకుంది. మధ్యాహ్నం పులుసుకని పిక్కలు తీయసాగింది.

“ఇలా రండర్రా. తలో పిక్కా రొంటిని దోపుకోండి. ఆ నాయుడుబాబుకి పిక్కలు చూడ్డం సరదాలా ఉంది, పాపం చూపించండి” అంది. మళ్లీ గొంతు తగ్గించి, “జాడీలో మాత్రం మనిషికి ఒక్కటే. అరవై నాలుగోది పడిందో, మొత్తం పారబోసి మళ్లీ మొదలెట్టిస్తాను. నాకు మొహమాటం లేదు” అంది.

“మరి సెనగ్గింజేటి సెయ్యాలమ్మా?” అని అడిగాడొకడు.

“నీకు పళ్లు లేవేట్రా?”

ఇక ఏ చెయ్యీ వెనక్కి పోలేదు. అడుగున టక్కుమని ఒక గింజ పడేది, వెంటనే నా పైన కరకరమని నమిలిన చప్పుడు వినిపించేది. కొందరు తృప్తిగా శనగే వేశారు. అదీ న్యాయమే. వసారాలో సూరినాయుడు పిక్క మీద పిక్క చూసి, చుట్ట వెలిగించాడు.

అందరూ అయ్యాక వరహాలమ్మ నా మూతికి వాసెన గుడ్డ కట్టింది, ఊరగాయకు కట్టినట్టే, బిగించి రెండు ముళ్లు వేసి. మధ్యాహ్నానికి రాష్ట్ర కార్యాలయం పరిశీలకుడు వచ్చాడు.

“జాడీలో ఏది ఎక్కువుంటే అదే కరారు. రాసుకోండి, సంతకం పెడతాను” అన్నాడు సూరినాయుడు, ఎవరూ అడక్కుండానే. జోగినాయుడు పెట్టాడు. తవిటమ్మా పెట్టింది, కలం పట్టిన వేళ్లు తెల్లబడేలా.

వాసెన విప్పి నన్ను చేటలోకి వంచారు. వరహాలమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. శనగలు ఇరవై రెండు. పిక్కలు నలభై ఒకటి. మొత్తం అరవై మూడు.

“ఇదేటిది! నాకు పోలయ్య ఒక్కడు తప్ప అందరూ పిక్కలే చూపించారు కదా!” అని లేచాడు సూరినాయుడు.

పరిశీలకుడు కళ్లజోడు సవరించుకున్నాడు. “మీకెందుకు చూపించారండీ?”

బి-ఫారం మీద తవిటమ్మ పేరు పడింది. ఆ ఎన్నికల్లో ఆవిడే గెలిచింది. నన్ను పార్టీ ఆఫీసుకు తీసుకెళ్లి, బొట్టు పెట్టి, అద్దాల బీరువాలో నిలబెట్టారు. వచ్చినవాళ్లందరికీ చూపించి, మా పట్టణంలో పేరు కింది నుంచి పైకి పోతుంది అని చెప్పుకునేవారు. ఆ అయిదేళ్లూ నేను కాస్త పొంగిపోయిన మాట నిజం.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. సూరినాయుడు వేరే పార్టీలోకి వెళ్లిపోయాడు. ఆఫీసులో తవిటమ్మ కుర్చీకి ఎదురుగా నిలబడి, నాగరత్నం అనే కొత్త సభ్యురాలు, తనూ పోటీ చేస్తానంది.

“జాడీ దింపి కడగమంటారా అమ్మా?” అని అడిగింది.

“ఎందుకే పిల్లా ఈ గొడవ? ఏకగ్రీవం అంటే అందరికీ గౌరవం” అంది తవిటమ్మ.

“నీ గౌరవం ఎందులోంచి వచ్చిందే తవిటీ?” అంది పక్క బల్ల మీద కూర్చున్న వరహాలమ్మ.

“అప్పుడు సూరినాయుడున్నాడు పిన్నీ. ఇప్పుడు నేనున్నాను కదా.”

ఆ మాటలో ఆవిడకు తప్పేమీ కనిపించలేదు. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. వరహాలమ్మ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. బీరువాలో కొత్త జ్ఞాపికలకు చోటు కావాలని నన్ను అటక ఎక్కించారు.

సమావేశం కిందనే జరిగింది. తవిటమ్మ పేరు చదివారు, చప్పట్లు కొట్టారు. ఎన్ని చేతులో లెక్కపెట్టబోయాను గానీ చప్పట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వస్తాయి, విడదీయడం నా వల్ల కాలేదు. ఇష్టపడి కొట్టిన చెయ్యేదో, పక్కమనిషిని చూసి కొట్టిన చెయ్యేదో తెలియలేదు. అన్నీ ఆగిపోయాక మాత్రం ఎవరో ఒక్కరు, ఆలస్యంగా, రెండే రెండుసార్లు కొట్టారు. నాగరత్నమే అనుకుంటాను.