కాయ కొట్టే మనిషి

వెంకటేశప్ప ప్యాంటు మోకాలి పైకి ఎత్తి ఎలాస్టిక్ పట్టీని మళ్ళీ బిగించుకుంటున్నాడు. పొద్దున్నుంచీ అది జారుతూనే ఉంది. విప్పినప్పుడల్లా చెమట, నొప్పి తైలం కలిసి పులిసిన వాసన గుప్పుమంటుంది. భార్య పుష్పావతి ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోదు. ఒకప్పుడు కృష్ణగిరి కాలేజీ జట్టులో గోలు ముందు నిలబడిన కాలు ఇది. ఇప్పుడు తెల్లగా ఉబ్బి, నీలి నరాలు తేలి, నానిన పిండిముద్దలా ఉంది. చూడబుద్ధి కాక ప్యాంటు దించేశాడు.

ఆయుధ పూజ. మిషన్లన్నీ కిరోసిన్‌తో కడిగి, విభూతి పట్టెలు దిద్ది, బంతిపూల దండలు వేశారు. కిరోసిన్, కర్పూరం, క్యాంటీన్లో వేగుతున్న డాల్డా బూందీ, మూడూ కలిసి గొంతులోకి వస్తున్నాయి. ఇవాళ కుటుంబాలను లోపలికి రానిస్తారు. బయట పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

ప్లాంట్ హెడ్ ముఖేశ్ తలుపు తీసి తల మాత్రం లోపల పెట్టాడు. వెంకటేశప్ప కొడుకు వయసు ఉంటుంది అతనికి.

"సార్, ప్యాకింగ్ కాంట్రాక్టు వాళ్ళకి పూజ అయ్యేదాకా ఏం చెప్పొద్దు. ఫ్యామిలీస్ ఉన్నాయి కదా. గేటు దగ్గర కార్డులు తీసుకునేటప్పుడు చెప్పేయండి. మీ వాళ్ళు, మీ భాష. మీరైతే సాఫ్ట్‌గా చేస్తారు."

"చూస్తాను" అన్నాడు వెంకటేశప్ప. తలుపు మూసుకున్నాక కూడా అతని సెంటు వాసన గదిలో ఉండిపోయింది.

కాంట్రాక్టు వాళ్ళను ఏటా పండగ సెలవుల్లో ఆపేసి, సెలవులయ్యాక వేరే కాంట్రాక్టరు పేరుతో కొత్త కార్డు ఇచ్చి మళ్ళీ తీసుకుంటారు. ఎన్నేళ్ళు చేసినా వాళ్ళ సర్వీసు ఎప్పుడూ మొన్ననే మొదలైనట్టు ఉంటుంది. ఈసారి ప్యాకింగ్ వాళ్ళను తీసుకోవడం లేదు. పెట్టెలు ఎత్తి పేర్చడానికి యంత్రం వస్తోంది. కానీ ఆపబోయేవాళ్ళ చేతనే మిషన్లు కడిగించారు.

ఫుట్‌బాల్ వల్లనే వెంకటేశప్పకు ఈ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అప్పటి యజమానికి ఆటంటే పిచ్చి. కొన్నేళ్ళకు యజమాని మారాడు, జట్టు పోయింది, మైదానంలో లారీలు నిలిపారు. ఆటగాడి మాట కూలీలు వింటారని వెంకటేశప్పను పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో వేశారు. అతనికి ఆ పని కొత్తగా అనిపించలేదు. రెఫరీ అటు తిరిగిన క్షణంలో భుజంతో ఎదుటివాణ్ణి పడగొట్టడం, ఈల మోగకముందే చెయ్యిచ్చి లేపడం అతనికి బాగా వచ్చు. లేపినందుకు జనం చప్పట్లు కొట్టేవారు. ఇక్కడా అదే ఆట. సస్పెండ్ చేసినవాడి ఇంటికి పండ్లు పట్టుకుని పోయాడు. రాజీనామా చేయించినవాడి కూతురి పెళ్ళిలో వడ్డించాడు. పెద్దమనిషి అన్నారు అందరూ.

ఈసారి గుమ్మడికాయ ఆలోచన కూడా అతనిదే. పూజ చివర వాకిట్లో దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టడం ఈ ఫ్యాక్టరీలో పెద్ద గౌరవం. పర్మనెంటు వాళ్ళలో పాతవాడికే ఇస్తారు. ఆ కాయను ప్యాకింగ్‌లో అందరికంటే పాతవాడైన దాసప్పకు ఇస్తే, అందరూ అతని మాట విని గేటు దగ్గర గొడవ పెట్టరని వెంకటేశప్పే చెప్పాడు. ముఖేశ్ నవ్వి బొటనవేలు చూపించాడు.

గదిలోంచి ప్యాకింగ్ వైపు వచ్చేసరికి దాసప్ప ఎదురొచ్చాడు. కొత్త చొక్కా మడతలు ఇంకా విప్పుకోలేదు. పక్కన జడలో కనకాంబరాలు పెట్టుకున్న నడివయసు ఆడమనిషి.

"మా ఆడమనిషి సా, కెంపమ్మ. ఫ్యాక్టరీ చూడాలని ఇన్నేండ్లూ అడుగుతా ఉన్నింది. కెలమంగలంలో ఫస్టు బస్సుకే ఎక్కినాము."

"పట్టుపురుగులకు ఆకేసి వచ్చినామప్పా" అంది కెంపమ్మ. "వాటికి పండగేముంది, మేసేదే పని. కాలు కుంటుతా ఉండారే, ఏమైనాది?"

"పాత దెబ్బమ్మా."

"ఆముదం కాచి పెట్టండి. మీరు పూసిండే మందు వాసనకి నొప్పి పోదు, పక్కన నిలుచుండేవాళ్ళు పోతారు."

దాసప్ప ఆమె మోచేతిని గిల్లాడు. వెంకటేశప్పకు నవ్వొచ్చింది. పొద్దున్నుంచీ ఎవరూ ఆ కాలి సంగతి అడగలేదు.

దాసప్ప దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఊర్లో చెప్పేసినాను సా. కాయ కొట్టేది పర్మనెంటోళ్ళే కదా. మీరేమీ చెప్పకపోయినా అర్థమైనాది" అని చేతులు జోడించాడు.

ఇన్నేళ్ళలో వెంకటేశప్ప పడగొట్టిన ఎవడూ పడకముందే తనకు దండం పెట్టలేదు. అటు కెంపమ్మ టేపు అతికించే మిషన్ దగ్గరికి పోయి, "ఇదేనా మనకి కూడు పెట్టేది?" అంటూ దాని మూతిని నిమురుతోంది.

"దాసప్పా, ఇట్లా రా."

అట్టపెట్టెల వరుస వెనక్కి తీసుకుపోయాడు. మెత్తటి మాటలు అలవాటుగా నోటికొచ్చాయి. అవి బూందీ నూనెలా నాలుకకు అంటుకున్నాయి. మింగేశాడు.

"పర్మనెంటు లేదప్పా. సెలవులయ్యాక మిమ్మల్నెవర్నీ తీసుకోరు. కాయ నీకిప్పించింది నేనే, మీరు గొడవ చేయకుండా పోతారని. ఇష్టం లేకపోతే కొట్టొద్దు. పోయి అందరికీ చెప్పు. నేను అడ్డం రాను."

దాసప్ప అట్టపెట్టె అంచున లేచిన టేపు కొసను బొటనవేలితో నొక్కి అతికించాడు.

"కెలమంగలం టోర్నమెంటుకి మీరు వచ్చిండిరి. నేను గట్టు మీద కూర్చోనుంటిని" అన్నాడు. "మీరు భుజంతో తోసేది రెఫరీకి కానరాలేదు సా. గట్టు మీద ఉండేవాళ్ళకి కనిపించింది."

"మరి చప్పట్లు కొట్టినారే?"

"లేపుతా ఉంటిరి కదా. పడినోడికోసం కొట్టినాము."

వెంకటేశప్ప ఏదో చెప్పబోయాడు.

"ఇంగ చెప్పొద్దు" అన్నాడు దాసప్ప. "మావాళ్ళకి నేను చెప్తాను, పొద్దు గుంకినాక. ఆ కాయ ఇట్లియ్యండి. మా ఆడమనిషి ఇంతదూరం చూసేదానికి వచ్చినాది."

హారతి అయ్యాక దాసప్ప కాయను రెండు చేతులా ఎత్తాడు. కుంకుమ నీళ్ళు మోచేతుల దాకా కారాయి. మూడుసార్లు తిప్పి నేలకేసి కొట్టాడు. ఎప్పుడూ నాలుగు ముక్కలయ్యే కాయ పిండి పిండి అయింది. అందరూ ఓ అని అరిచారు. కెంపమ్మ చుట్టుపక్కలవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ చప్పట్లు కొట్టింది. మెట్ల మీద ముఖేశ్ ఫోనుతో వీడియో తీస్తున్నాడు. ఎవరో లడ్డూ ఇస్తే వెంకటేశప్ప తినేశాడు. తిన్నాక గానీ తిన్నట్టు తెలియలేదు. డాల్డా అంగిలికి పట్టుకుంది. ఉమ్మేయాలనిపించింది.

గేటు దగ్గర దాసప్ప అడగకముందే మెడలోని కార్డు తీసి సెక్యూరిటీ బల్ల మీద పెట్టాడు. అది చూసి వెనకవాళ్ళూ తీశారు.

"అదెందుకు ఇచ్చేస్తా ఉండావు?" అంది కెంపమ్మ.

"పండగకి అందరూ ఇస్తారు."

"కొత్తది ఇస్తారేమో!"

"ఊఁ. నడువు, బస్సు పోతాది."

చెక్‌పోస్టు వైపు నుంచి వస్తున్న లారీల దుమ్ములో ఇద్దరూ రోడ్డు దాటారు. నడిమధ్యలో ఆమె వెనక్కి తిరిగి, వెంకటేశప్పకు దండం పెట్టింది. అతని చేతులు లేవలేదు. గొడవ కాలేదన్న నిమ్మళం మాత్రం ఒళ్ళంతా పాకింది. తన మీద తనకు రోత పుట్టించింది ఆ నిమ్మళమే.

దీపాలు ఆర్పిస్తూ లోపలికి పోయాడు. ప్యాకింగ్‌లో టేపు మిషన్‌కు కంపెనీ వేసిన బంతిపూల దండ అప్పుడే వాడింది. దాని పైన, ఎర్రటి స్టాప్ బటన్ చుట్టూ, ఎవరో చిన్న కనకాంబరాల చెండు చుట్టారు. జడలోంచి తీసిందే, ఒకవైపు నలిగి ఉంది. పూల మధ్య నూనె రాసిన పొడవాటి వెంట్రుక ఒకటి, సగం నలుపు, సగం తెలుపు, ఫ్యాను గాలికి కదులుతోంది.