గాల్లో ఆగిన కర్ర

సాముశాలలో పొద్దున్నే మొదటి పని నేల ఊడవడం. రెండోది కర్రలకు నూనె రాయడం. మూడోది, హాలు మధ్యలో గాల్లో నిలబడ్డ కర్రకు తగలకుండా వరసలు కట్టడం. ఇరవై రెండేళ్లుగా అది అక్కడే ఉంది, రొమ్మెత్తున, అడ్డంగా, ఏ ఆసరా లేకుండా. పిల్లలు దానిమీద తువ్వాళ్లు ఆరేసుకుంటారు. కొత్తగా చేరినవాళ్లకు ఒకట్రెండుసార్లు బొప్పి కడుతుంది, తర్వాత అలవాటైపోతుంది.

అది ఇప్పుడిక్కడ సాము నేర్పే టీచరమ్మ వాళ్ల అక్క కర్ర. ఇద్దరూ ఈ శాల పెట్టిన పెద్దాయన దగ్గరే కర్రసాము నేర్చుకున్నారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, దెబ్బ తగిలిందని కొట్టినవాళ్లు చెప్పకూడదు, చూసినవాళ్లూ చెప్పకూడదు. తిన్నవాళ్లే "తగిలింది" అనాలి. ఆఖరి పోటీలో గెలిచినవాళ్లదే నా గురువు పీట అన్నాడు పెద్దాయన. ఆ పోటీలో అక్క కర్ర చెల్లెలి ఎడమ పక్కటెముకల మీద ఆనింది. చెల్లెలు నోరు మెదపలేదు. అక్క కాసేపు ఎదురుచూసి, కర్ర వదిలేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. కర్ర మాత్రం తగిలినచోటే గాల్లో ఉండిపోయింది. పెద్దాయన దాన్నీ చూశాడు, చెల్లెల్నీ చూశాడు.

"ఏమైనా చెప్పాలా అమ్మా?"

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. పీట ఆమెదే అయింది.

ఆ పీటమీద కూర్చున్న ఒక్క రోజు కూడా ఆవిడకు సుఖం లేదు. అయినా చెప్పలేదు. చెబితే పీట దిగాలి, దిగితే ఇంకేం చేసుకు బతుకుతుంది? చదువు అబ్బలేదు, చేతికి తెలిసిన విద్య అదొక్కటే. అక్కేమో రెండు వీధుల అవతల బట్టలు కుట్టుకుంటోంది. ఎదురుపడితే ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకునేవాళ్లు.

ఈమధ్య పిల్లలకు యూనిఫారాలు కుట్టే టైలరు కొట్టు మూసేశాడు. శాలలో పెద్దపిల్ల ఒకతె ఎవర్నీ అడక్కుండా వెళ్లి అక్కను పిలుచుకొచ్చింది.

అక్క మెడలో టేపు వేసుకుని వచ్చింది. కర్రమీద తువ్వాళ్లు చూసి, "పర్లేదే, బాగానే వాడుకుంటున్నారు!" అంది. పిల్లలందరినీ కొలిచింది.

"నువ్వూ రావే."

"నాకెందుకక్కా, పాతది ఉందిగా."

"చంకలో చిరిగింది, కనపడట్లేదనుకున్నావా? చేతులెత్తు."

టేపు చుట్టూ తిరిగింది. అక్క వేళ్లు ఎడమ పక్కటెముకల మీద ఆగాయి, సరిగ్గా అక్కడే. సూదిపోట్లకు గరుకెక్కిన వేళ్లు. ఒకప్పుడు ఆ చేతిది ఏం వేగం!

"ఊపిరి బిగబట్టకు, కొలత తప్పుతుంది. వదులు."

టీచరమ్మ వదిలింది.

"తగిలిందక్కా," అంది. "ఆరోజు తగిలింది."

కర్ర తువ్వాళ్లతో సహా ఠపీమని నేలమీద పడింది. పిల్లలు ఎవరి తువ్వాలు వాళ్లు ఏరుకున్నారు.

అక్క టేపు చుట్టింది. "ఇంత చిన్న మాటకి ఇన్నేళ్లా తల్లీ?" అంది.

చెల్లెలు ఏడుస్తూనే పీట తెచ్చి అక్క ముందు వేసింది.

"ఇప్పుడిదేం చేసుకోను? మోకాళ్లు పోయాయి. నేర్చిందంతా మర్చిపోయాను. గుర్తున్నది ఆ ఒక్క దెబ్బే."

"అదే నేర్పు. అది నాకు ఇవాళ్టికీ రాదు."

అక్క మెల్లగా వంగి కర్ర తీసుకుంది. టీచరమ్మ కళ్లు తుడుచుకుని, వరస చివర, ఏడేళ్ల పిల్ల పక్కన వెళ్లి నిలబడింది.

"మోచెయ్యి దించవే," అంది అక్క. "చిన్నప్పట్నుంచీ నీకదే జబ్బు."