సువార్తమ్మ అడిగే అంకె

నేను ఒక షుగరు మిషన్ని. అరచేతిలో ఇమిడిపోతాను. నాలాంటి వేలమందితో పాటు ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, రాజోలులో ఒక మందుల షాపు అద్దాల బీరువాలో మూడు నెలలు కూర్చున్నాను. అక్కణ్ణుంచి నన్ను ఇంటికి తెచ్చుకున్నది సువార్తమ్మ. ఆమె భర్త ఆశీర్వాదం ఆటో నడుపుతాడు. అతనికి షుగరు ఉందని అప్పుడే తేలింది.

రోజూ పొద్దున్నే ఆమె అతని వేలు పట్టుకునేది. ఆరడుగుల మనిషి, సూది చూస్తే కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. "అయిపోయిందయ్యా, కళ్ళు తెరువు" అని నవ్వేది. అన్నం తగ్గించి కూర ఎక్కువ వడ్డించేది. వేళకి మాత్ర చేతిలో పెట్టేది. సాయంత్రం ఇద్దరూ కాలవగట్టు మీద నడిచేవారు. నాలో అంకె నూట ఇరవై దాటేది కాదు. అదంతా మాత్ర గొప్పతనమే అనుకునేవాడు ఆశీర్వాదం.

సొంత ఇల్లు కట్టుకోవాలని సువార్తమ్మ రెండేళ్ళ ఒప్పందం మీద కువైట్ వెళ్ళింది, ఒకరింట్లో వంటపనికి.

ఇక అతను పొద్దున హోటల్లో పూరీ తినేవాడు. మధ్యాహ్నం ఒక్కోరోజు తినేవాడే కాదు. మాత్ర గుర్తొస్తే వేసుకునేవాడు. నిద్ర పట్టేది కాదు. గట్టు మీదికి వెళ్ళి, నాలుగడుగులు వేసి, పక్కన ఎవరూ లేరని వెనక్కి వచ్చేసేవాడు. ఒకరోజు నేను రెండు వందల ఎనభై ఆరు చూపించాను. ఫోన్లో ఆమె "ఎంతొచ్చింది?" అంటే "నూట పద్దెనిమిది" అన్నాడు. ఆమె మురిసిపోయింది. ఆ మురిపెం వినడానికే రోజూ అబద్ధం చెప్పేవాడు. అంకె చూపించడమే తప్ప నాకు నోరు లేదు.

కాలి బొటనవేలికి చిన్న దెబ్బ తగిలి నెలైనా మానలేదు. కట్టు కట్టిన నర్సమ్మ "ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాల్సొత్తాదండి" అంది. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

"సువార్తా, నీకు చెప్పినియ్యన్నీ అబద్ధాలే. మూడొందల దగ్గరుంటంది."

తిడుతుందనుకున్నాడు.

"నాకూ షుగరొచ్చిందయ్యా," అంది ఆమె. "ఆర్నెల్లయింది. బెంగెట్టుకుంటావని చెప్పలేదు. ఇక్కడ అందరూ తిన్నాక నేను తినేసరికి ఏ వేళో అవుద్ది."

ఇద్దరూ ఏడ్చారు.

"ముందు వేళకి తిను, మాత్రేసుకో. వేలు మానాక నడుద్దాం. నువ్వు గట్టు మీద, నేనిక్కడ మేడ మీద," అంది.

వేలు మానడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా నాకు సరిపడే, రక్తపు చుక్క పెట్టే పట్టీలు దొరకడం మానేశాయి. కొత్త మిషన్ వచ్చింది, నేను అలమారలోకి చేరాను. ఇక్కడికీ ఫోన్లో వాళ్ళ మాటలు వినిపిస్తాయి.

"నాకు నూట నలభై రెండు. నీకు?"

"నూట యాభై. ఏవయ్యా, నిజమేనా?"

"ఒట్టు. నిన్న గట్టు మీద ఒకాయన నవ్వేడే. అంత దారుండగా అంచునెందుకు నడుత్తావన్నాడు. నీకు చోటొదిలి నడుత్తున్నాను మరి."

"ఒదిలే ఉంచయ్యా," అంది సువార్తమ్మ. "ఇంకేడు నెలలే."