సీసాల్లో బహుమతులు

ఈ ఏడాది బహుమతుల పని తన నెత్తిన పడిందని తెలియగానే తుంపర గాల్లో తేలిపోయింది. నెత్తిన పని పడితే ఎవరైనా మూలుగుతారు. ఈమె మాత్రం ఇంటికి పరుగున వచ్చి, చెప్పులైనా విప్పకుండా, ముందు మొగుడికి చెప్పింది. ఆయన పేపరులోంచి తలెత్తకుండానే మళ్ళీ కప్పులేగా అన్నాడు.

అదే ఆమె బాధ. ఆ కాఫీ రుచి చూసే క్లబ్బులో ఉన్నదే నలుగురు. ఏటా చివరి ఆదివారం నలుగురికీ తలో బహుమతి, ఏటా అదే కప్పు. బస్సు డ్రైవరు తన కప్పుల్లో మేకులు పోసుకున్నాడు. లెక్కల టీచరమ్మ మొక్కలు నాటింది. ఈసారి అలాంటిది ఇచ్చేదేలేదని తుంపర పంతం.

ఈమె అసలు పేరు క్లబ్బులో ఎవరూ పలకరు. పుస్తకాలకు బైండింగు చేస్తుంది. క్లబ్బులో కాఫీని చెంచాతో తీసుకుని, గాలితో కలిపి జుర్రుమని పీల్చాలి. మర్యాదగా తాగితే వాసన ముక్కుకెక్కదు. ఈమె పీలిస్తే ఎదుటివాళ్ళ చొక్కాలు తడుస్తాయి. అందుకే తుంపర. ఆ పేరు పెట్టింది వేరెవరో కాదు, సొంత పిన్ని.

పిన్ని దర్జీ. కుట్టుగది వెనకున్న చిన్న గదిలో క్లబ్బు పెట్టిందీ, నడిపేదీ ఆవిడే. ఆవిడ నియమం ఒక్కటే. పూలు, తేనె, చాక్లెట్టు అంటూ పొట్లం మీద అచ్చేసిన మాటలు చెప్పకూడదు. ఈ కాఫీ నీ బతుకులో దేన్ని గుర్తుచేసిందో అది చెప్పాలి. ఎరువు తెచ్చుకున్న మాటతో రుచి చెప్పేవాడు ఎరువు తెచ్చుకున్న నాలుకతో తాగినట్టేనని ఆవిడ దెప్పేది. డ్రైవరు ఒకసారి బాగా ఆలోచించి, వానకు తడిసిన బస్సు సీటు అన్నాడు. టీచరమ్మ, అప్పుడే చెక్కిన పెన్సిలు అంది. పిన్ని కళ్ళు మూసుకుని, ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ అంది. ఆ మాట తర్వాత ఆ కాఫీలో ఇంకెవరికీ ఇంకో వాసన దొరకలేదు.

జిగురు పూస్తుండగా తుంపరకు మెరుపులా తట్టింది. ఎవరు చెప్పిన వాసన వాళ్ళకే సీసాలో పెట్టి ఇస్తే? ఆ ఆలోచనకు తనకే ఒళ్ళు పులకరించింది. పుస్తకాన్ని బరువు కింద పెట్టేసి, ఆ క్షణమే సీసాలు కొనడానికి బయల్దేరింది.

బస్సు డిపోలో పాత సీట్లు పారేసేచోట కాపలావాడితో వాదించి స్పాంజి ముక్క సంపాదించింది. దాన్ని ఇంట్లో కుళాయి కింద తడిపి చూస్తే వాసన చాలలేదు. వాన పడేదాకా ఆగి, మేడమీద తడిపి తెచ్చింది. తర్వాత నేలమీద కూర్చుని పెట్టెడు పెన్సిళ్ళు చెక్కింది. మొగుడు ఆ చెక్కు కుప్పను చూసి, పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట ఎవడో, అలా ఉంది నీ వరస అన్నాడు. అయినా కాసేపటికి తనే పక్కన కూర్చుని చెక్కడం మొదలుపెట్టాడు. ఆ వాసన తగిలి, మూడో తరగతిలో తన పెన్సిలు కాజేసినవాణ్ణి తలచుకుని తిట్టుకున్నాడు కూడా. తుంపర సంబరానికి పట్టపగ్గాల్లేవు.

తనకెలాగూ సీసా అక్కర్లేదు, ఇక మిగిలింది పిన్నిది. తడిగుడ్డ ముక్క ఏదో మాటల్లో పెట్టి తెచ్చుకోవాలని శనివారం పొద్దున వెళ్ళింది. పిన్ని ప్యాంటు మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తూ, కొత్త అద్దెవాళ్ళ గొడవ చెబుతోంది. తుంపర ఊఁ కొడుతూ ఉండగా ముక్కుకు ఘాటుగా తగిలింది. పిన్ని చేతికిందే గుడ్డ మాడుతోంది. ఆవిడ మాత్రం పెట్టె ఎత్తకుండా నవ్వుతూ చెప్పుకుపోతోంది.

"పిన్నీ, గుడ్డ."

ఆవిడ చటుక్కున పెట్టె ఎత్తింది. ప్యాంటు మీద నల్లటి మచ్చ. ఆ చేతికింద గుడ్డ మాడటం తుంపర పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పిన్ని ఆ మచ్చను వేలితో రుద్దింది.

"జ్వరం వచ్చిందే, అప్పట్నుంచి నా ముక్కు పనిచెయ్యట్లేదు. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఈ నెలంతా మీ మొహాలు చూసి మార్కులేశాను."

రేపు అందరితోపాటు కప్పు తీసుకుని, ఆపైన కళ్ళు బాగోలేవనో కాళ్ళు బాగోలేవనో చెప్పి క్లబ్బు మానుకుంటానంది పిన్ని. ఎవరికైనా చెప్పావంటే నీకూ నాకూ మాటల్లేవని కూడా అంది. తుంపర మాడిన తడిగుడ్డలో ముక్క అడిగి తీసుకుని ఇంటికొచ్చి, దారిలో ఆపుకున్నదంతా ఏడ్చింది. పిన్ని లేని క్లబ్బు ఆమెకు వద్దు. అంతకన్నా, ఆ చిన్న గది లేకుండా పిన్ని ఏమైపోతుందోనని భయం. గుడ్డివాడి చేతికి అద్దం ఇచ్చినట్టు, ఆవిడ చేతిలో వాసన సీసా ఎలా పెట్టడం? కారణం అడక్కుండానే, కప్పే కొనెయ్యమని మొగుడు మెల్లగా అన్నాడు. కొట్టుదాకా వెళ్ళింది కూడా. కప్పు చేతిలోకి తీసుకున్నాక, ఇది పిన్నిని సాగనంపడమే అనిపించి అక్కడే పెట్టేసి వచ్చింది.

ఆదివారం తుంపర సీసాలు ఎవరివి వాళ్ళ చేతికిచ్చింది. డ్రైవరు మూత తీసి, ముక్కు పెట్టి, ఇది నా మొదటి డ్యూటీ అని గట్టిగా అరిచినంత పని చేశాడు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇద్దరూ సీసాలు మార్చుకుని చిన్నపిల్లల్లా కేరింతలు కొట్టారు. తర్వాత అందరూ పిన్ని వైపు తిరిగారు. ఆవిడేమంటుందో అదే అసలు తీర్పు.

పిన్ని మూత తీసింది. మాడిన ముక్కను చూసి తుంపరను చూసింది. ఒక్క అబద్ధం చాలు, గండం గడుస్తుంది. తుంపర తల దించుకుంది.

"నాకు వాసన తెలియట్లేదు," అంది పిన్ని అందరితో. "నెలరోజులైంది. మీకు చెప్పడానికి సిగ్గేసింది."

డ్రైవరు తన సీసా ఆవిడ ముందుకు తోశాడు. ఇది ఘాటు పిన్నిగారూ, ఒకసారి చూడండి అన్నాడు. ఆవిడ మొహమాటానికి పీల్చి, తల అడ్డంగా ఊపింది. టీచరమ్మ తనది తోసింది. తుంపర దగ్గరికి జరిగింది. పిన్ని కాఫీ పీల్చినట్టే గట్టిగా పీల్చింది, ఆగింది, మళ్ళీ పీల్చింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏదో ఉందే. కాలిన రబ్బరులా... కంపు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థంకాలేదు. అది పెన్సిలు చెక్కు. రబ్బరు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

"తప్పు పిన్నీ," అంది తుంపర. "పూర్తిగా తప్పు."

డ్రైవరు బల్ల చరిచాడు. టీచరమ్మ, ఏళ్ళ తరబడి తప్పులకు సున్నాలు చుట్టిన మనిషి, లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ముక్కు తప్పు చెప్పిందంటే ముక్కు బతికే ఉందని ముగ్గురికీ ఒక్కసారే తట్టింది. నవ్వులో ఏడుపో, ఏడుపులో నవ్వో తెలియకుండా తుంపర పిన్నిని పట్టుకుంది. పిన్ని ఆమెను పక్కకు నెట్టి, మిగిలిన సీసాలు తన ముందు వరసగా పెట్టించుకుంది.

"కాఫీ తర్వాత కలుపుదురు గానీ, ముందు ఆ సీసా ఇటివ్వు. ఇంకోటి తప్పు చెబుతాను."